గుంజ పాతినవాడి పేరేమిటి?

మా మేనల్లుడు పోయిన నెలలో హైదరాబాదు నుంచి వచ్చి, కాళ్లు కడుక్కోకముందే జేబులోంచి ఒక కాయితం తీశాడు. ప్రపంచంలో బేసు గిటారు వాయించేవాళ్లలో మొదటి పదిమంది పేర్లు వరసగా రాసుకొచ్చాడు. వాడికిదొక జబ్బు. క్రికెట్ ఆటగాళ్లకీ, బిర్యానీ హోటళ్లకీ, ఆఖరికి మేనమామలకీ కూడా ర్యాంకులిస్తాడు. (మేనమామల్లో నాది రెండో స్థానం. ఉన్నది ఇద్దరమే.) కళ్లజోడు పెట్టుకుని జాబితా అంతా చదివాను. చదివి, మడిచి, వాడి చేతికిచ్చేశాను.

"ఇది పరుగుపందెం ఫలితాల్లా ఉందిరా. సెకనుకి ఎవరు ఎన్ని స్వరాలు కొడితే వాడు పైన ఉన్నాడు."

"మరి నీ లెక్కలో గొప్పవాడెవడు మావయ్యా?"

"జేమ్స్ జేమర్సన్."

"ఒక్క వేలుతో వాయించే ఆయనా!" అని వాడు నవ్వాడు.

వాడు భోంచేసి, పడుకుని, మర్నాడు పొద్దున్నే బస్సెక్కి వెళ్లిపోయాడు కానీ ఆ నవ్వు మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. దాని సంగతి తేల్చడానికే ఇది రాస్తున్నాను.

ఈ గొడవ బొత్తిగా తెలియని పాఠకులు ఒక్క నిమిషం ఓపిక పట్టాలి. మామూలు గిటారుకి ఆరు తీగలు. బేసు గిటారుకి నాలుగే. ఈమధ్య ఐదూ ఆరూ కూడా పెడుతున్నారు లెండి. తీగలు లావుగా ఉంటాయి, ఒక స్థాయి కిందికి మోగుతాయి. అన్నిటికన్నా కింది తీగ సెకనుకి 41 సార్లు కంపిస్తుంది. అంతకుముందు ఈ పని చేసేది మనిషికన్నా ఎత్తుండే నిలువు బేసు. వయొలిన్‌కి పెదనాన్న అనుకోండి. దాన్ని మోసుకుంటూ ఊళ్లు తిరిగే వాద్యకారుల అవస్థ చెప్పనలవి కాదు. కాలిఫోర్నియాలో రేడియో మరమ్మతులు చేసుకునే లియో ఫెండర్ అనే ఆయన 1951లో భుజానికి తగిలించుకునే బేసు గిటారు తయారుచేసి అమ్మకానికి పెట్టాక, అది లోకమంతా పాకింది.

మా పక్కవాటా లెక్చరరుగారు బేసంటే పునాది అనుకుంటారు. "ఇంగ్లీషులో స్పెల్లింగు వేరండీ" అని నేను ఇంతవరకూ చెప్పలేదు. తెలుగులో రాస్తే రెండూ ఒకటే. అర్థంలోనూ అట్టే తేడా లేదు.

ఇక వాదానికి వద్దాం. నాకు ఇద్దరు ప్రత్యర్థులున్నారు. మొదటివాళ్లు, "అసలది మాకు వినపడదండీ" అనే పెద్దమనుషులు. వీళ్లకి జవాబు మా ఆవిడే చెప్పింది. ఒక సాయంత్రం ఇళయరాజా పాటేదో పెద్ద పెట్టెలో పెట్టుకుని వింటూ, ఆవిడ వంటింట్లో ఉండగా, బేసు తగ్గించే మీట పూర్తిగా తిప్పేశాను. రెండు నిమిషాలు కాకుండానే లోపల్నుంచి కేక వచ్చింది. "పాటకేమొచ్చిందండీ, ఉప్పులేని చారులా ఉంది?" "ఏమీ రాలేదే. ఒకాయన్ని గదిలోంచి బయటికి పంపేశాను" అన్నాను. బేసు గిటారు ఏ ఆకారంలో ఉంటుందో ఆవిడకి తెలియదు. అయినా లేనప్పుడు తెలిసింది. ఉన్నప్పుడు తెలియలేదు కాబట్టి లేదనడం ఏం న్యాయం?

అయితే, పాపం, మన చెవులది మాత్రమే తప్పు కాదు. మనం పాటలు విన్నది అరచేతంత ట్రాన్సిస్టరులో. ఆ బుల్లి స్పీకరుకి సెకనుకి 41 కంపనాలు పుట్టించే ఊపిరెక్కడిది? తంబూరా మీటుతుంటే ఎవరూ మీటని గాంధారం ఒకటి గాలిలో తేలుతుందే, అలాంటి స్వయంభూ స్వరాలు ప్రతి తీగలోనూ ఉంటాయి. బుల్లి స్పీకరు ఆ పైస్వరాలను మాత్రమే ఇస్తుంది. మన చెవి వాటిని పట్టుకుని, లెక్క కట్టి, లేని కింది స్వరాన్ని ఊహించుకుంటుంది. కాలు చూసి ఏనుగును పోల్చుకున్నట్టు. ట్రాన్సిస్టరు పోయి సెల్‌ఫోను వచ్చినా ఏనుగు ఇంకా బయటే ఉంది.

మన సంగీతంలో కింది స్వరాల విలువ తెలియదని కూడా ఎవరూ అనకండి. మృదంగం ఎడమవైపు రవ్వముద్ద ఎందుకు అంటిస్తారు? కచేరీకి ముందు ఆయన అక్కడ కూర్చుని అంత శ్రద్ధగా రవ్వ తడిపి పిసుకుతున్నది ఉప్మా కోసం కాదు. ఆ గుమకం కోసం.

రెండో ప్రత్యర్థి మావాడు. వీడితోనే చిక్కు. వీడికి బేసు వినపడుతుంది. వినవలసింది వినపడదు.

బేసు వాయించేవాడి చేతిలో ఉన్న అధికారం ఎంతటిదో చూడండి. పైన పియానో మీదో గిటారు మీదో స-గ-ప మూడు స్వరాలూ కలిసి మోగుతున్నాయనుకోండి. గాంధారం, తెలుసుగా, శంకరాభరణంలోది. కింద బేసువాడు షడ్జమం వేశాడు. ఇల్లు అలికి ముగ్గు పెట్టినట్టు నిండుగా ఉంటుంది. ఇప్పుడు పైవాళ్లెవరూ వేలు కదపకుండా, వీడొక్కడూ కిందికి దిగి మంద్ర ధైవతం వేశాడు. అంతే! అవే మూడు స్వరాల మీద నీడ పడుతుంది. పాడేవాడు నవ్వుతూ పాడుతున్నా మనకి మనసులో ఎక్కడో కలుక్కుమంటుంది. గాయకుడిని మెచ్చుకుంటాం, కవిని మెచ్చుకుంటాం. కలుక్కుమనిపించినవాడు వెనకాల డ్రమ్ముల పక్కన నిలబడి ఉంటాడు.

ఇది సగమే. రెండో సగం కాలం. స్వరం ఎప్పుడు మొదలైందన్నది డ్రమ్ము వాయించేవాడు కూడా చెప్పగలడు. ఎప్పుడు ఆగిందన్నది మాత్రం బేసువాడి చేతిలో ఉంది. ఒక స్వరాన్ని తరవాతి దెబ్బదాకా లాగితే పాట పడవలా సాగుతుంది. అదే స్వరాన్ని సగంలో నొక్కి ఆపేస్తే పాటకి కాళ్లొస్తాయి. వేగంగా వాయించడం సాధన చేస్తే వస్తుంది. ఎక్కడ ఆగాలో తెలియడానికి సాధన ఒక్కటే చాలదు. నా కొలత ఇదీ. మావాడి గడియారం ఈ కొలతకి పనికిరాదు.

ఇప్పుడు ఆ ఒక్క వేలు సంగతి.

జేమర్సన్ 1936లో దక్షిణ కరోలినాలో, సముద్రం ఒడ్డున ఎడిస్టో అనే లంకలో పుట్టాడు. కుర్రతనంలోనే డెట్రాయిట్ వచ్చి నిలువు బేసు నేర్చుకున్నాడు. మోటౌన్ అనే రికార్డుల కంపెనీ ఆ ఊళ్లో ఒక మామూలు ఇల్లు కొని స్టూడియో చేసింది. దాన్ని వాద్యకారులు పాముల గొయ్యి అనేవారు. ఆ ఇరుకు గొయ్యిలో కూర్చుని, 1960ల్లో అమెరికాని ఊపేసిన పాటలకి కింది వరస వేసింది ఈయనే. కుడిచేతి చూపుడువేలు ఒక్కటే తీగల మీద కొక్కెంలా ఆడించేవాడు. అందుకే ఆ వేలుకి కొక్కెం అనే పేరు పెట్టారు. తీగలు తెగితే తప్ప మార్చేవాడు కాదు. మార్చవయ్యా అంటే, ఆ మురికిలోనే రుచి ఉందనే రకం. మా అమ్మమ్మ ఇనప మూకుడు తోమనిచ్చేది కాదు, అదే సిద్ధాంతం.

1967లో ఫోర్ టాప్స్ వాళ్లు పాడిన 'బెర్నడెట్' వినండి. పాడే ఆయన గొంతు చించుకుని ప్రాధేయపడుతున్నాడు. ఆ సమయంలో వెనకవాళ్లు పక్కకి తప్పుకోవడం మర్యాద. జేమర్సన్ తప్పుకోలేదు. కింద ఆగకుండా నడుస్తూనే ఉన్నాడు, మెట్లు ఎక్కుతూ దిగుతూ, ఎదురుచూసిన చోట లేకుండా, చూడని చోట ప్రత్యక్షమవుతూ. అయినా ఒక్కసారి కూడా గాయకుడి మాటకి అడ్డు రాడు. పెళ్లిలో తాళి కట్టే వేళకి పక్కకి ఒంగి పెళ్లికొడుక్కి దారిచ్చే పురోహితుడిలా, సరిగ్గా ఆ ముక్క దగ్గర ఒదుగుతాడు. దీన్ని ఒక్క వేలు పనంటే, త్యాగయ్యగారిది ఒక్క తంబూరా పని.

ఇంత చేసిన మనిషి పేరు రికార్డు అట్ట మీద ఉండేది కాదు. ఏళ్లకేళ్లు! పాడినవాళ్ల బొమ్మ ఉండేది, రాసినవాళ్ల పేరు ఉండేది, కంపెనీ గుర్తు ఉండేది. 1971లో మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్' ఆల్బం మీద వాద్యకారుల పేర్లు వేయించేదాకా ఆ కంపెనీలో అంతే. ఆ టైటిలు పాట రికార్డింగునాడు జేమర్సన్ తాగి ఉండి, కుర్చీలో కూర్చోలేక నేలమీద వెల్లకిలా పడుకుని వాయించాడని కథగా చెప్పుకుంటారు. తాగుడు సంగతి సమర్థించను. అదే ఆయన్ని తినేసింది. కానీ పడుకుని వాయించిన ఆ వరసని నిలబడి వాయించమనండి, మావాడి జాబితాలో పదిమందినీ.

1983 మార్చిలో మోటౌన్ పాతికేళ్ల పండగ చేశారు. మైకేల్ జాక్సన్ వెనక్కి జారుతూ నడిచి లోకాన్ని నివ్వెరపరిచిన సభ అదే. ఆ సభకి జేమర్సన్‌కి పిలుపు లేదు. టిక్కెట్టు కొనుక్కుని వెళ్లి బాల్కనీలో కూర్చుని చూశాడని ఆయన కథ రాసినవాళ్లు రాశారు. ఎవరి పునాది మీద ఆ మేడ లేచిందో ఆయన, బ్లాకులో టిక్కెట్టు కొనుక్కుని! అన్నట్టు, జాక్సన్ ఆ రోజు నాట్యం చేసిన 'బిల్లీ జీన్' పాట మొదలయ్యేదే డ్రమ్మూ బేసూతో. రికార్డులో ఆ బేసు గిటారు వాయించింది లూయిస్ జాన్సన్. జాక్సన్ పాదాలు తెలియనివాళ్లు లేరు. జాన్సన్ పేరు మీలో ఎంతమందికి తెలుసు? చేతులెత్తక్కర్లేదు లెండి.

అదే ఏడు ఆగస్టులో జేమర్సన్ పోయాడు. 47 ఏళ్లు. పోవడానికి కొద్ది రోజుల ముందు ఆయన గిటారును కూడా ఎవరో ఎత్తుకుపోయారు. అది దొరకలేదు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వారు ఆయన్ని గౌరవించింది 2000లో, పదిహేడేళ్ల తరవాత.

దీని పక్కన ఇంకో దొంగతనం పెట్టి చూడండి. పాల్ మెకార్ట్నీ 1961లో జర్మనీలోని హాంబర్గులో కొన్న వయొలిన్ ఆకారం బేసు 1972లో లండన్‌లో పోయింది. దానికోసం ప్రత్యేకంగా జనం బయల్దేరి వెతికారు, పత్రికలు రాశాయి. 2024లో దొరికిందని ప్రకటించారు. మెకార్ట్నీ మీద నాకు కోపం లేదు. ఉంటే కళ్లు పోతాయి. బీటిల్స్‌లో బేసు వాయించే కుర్రాడు మానేస్తే, ఆ పని ఎవరూ వద్దంటే, ఈయన మీద పడింది. బేసువాడంటే వెనకాల నిలబడే లావుపాటి కుర్రాడన్న లెక్క ఉండేదని ఆయనే చెప్పుకున్నాడు. ఆ వద్దన్న వాద్యంతోనే, 1969లో జార్జి హారిసన్ రాసిన 'సమ్‌థింగ్' పాట కింద ఇంకో పాట నడిపాడు. హారిసన్ పాడేది ఒక రాగం, కింద మెకార్ట్నీది ఇంకొకటి, రెండూ కొట్టుకోవు. తాను జేమర్సన్ దగ్గర నేర్చుకున్నానని ఆయన దాచుకోలేదు కూడా. ఇద్దరూ గొప్పవాళ్లే. ఒకాయన ముందు నిలబడి పాడాడు కాబట్టి గిటారు దొరికింది.

పేర్లు వెయ్యకపోవడం వల్ల అనర్థం ఎంతదాకా పోతుందో ఇంకో సంగతి చెబుతాను. కరోల్ కే అనే ఆవిడ లాస్ ఏంజెలిస్ స్టూడియోల్లో గిటారు వాయించేది. 1963లో ఒకరోజు బేసు వాయించవలసినాయన రాలేదు. ఆవిడ చేతికి బేసిచ్చారు. ఇంక వదల్లేదు. బీచ్ బాయ్స్ బృందంలో బేసు వాయించేవాడైన బ్రయన్ విల్సనే, 1966లో 'పెట్ సౌండ్స్' చేసేటప్పుడు స్టూడియోలో తన వాద్యం ఆవిడకి అప్పగించాడంటే ఇంక వేరే సర్టిఫికెట్టెందుకు? వేళ్లతో కాక చిన్న బిళ్లతో మీటేది, ప్రతి స్వరం మొలకెత్తినట్టు లేచేది. చిక్కెక్కడంటే, కొన్ని మోటౌన్ పాటల్లో వాయించింది తనేనని ఆవిడ అంది. కాదు, జేమర్సనేనని ఆయన అభిమానులన్నారు. ఏళ్ల తరబడి వాదులాడుకున్నారు. ఇద్దరు మహా కళాకారుల మధ్య ఈ తంపులు పెట్టిందెవరు? పేర్లు అచ్చు వెయ్యడానికి అట్ట మీద జాగా లేదనుకున్నవాళ్లు. 2025లో హాల్ ఆఫ్ ఫేమ్ వారు రమ్మంటే ఆవిడ నాకక్కర్లేదు పొమ్మంది. అప్పటికి తొంభై ఏళ్లు. చదివి చప్పట్లు కొట్టాను.

"అంటే వేగంగా వాయించేవాళ్లంతా పనికిరానివాళ్లా?" అని మావాడు ఫోనులో అడిగాడు. వాడి జాబితాలో మొదటి పేరు జాకో పాస్టోరియస్. అక్కడికి రా! జాకో గొప్పవాడు కాదని నేననలేదు. గిటారు మీది మెట్లు పీకేసి, ఆ గాళ్లు పూడ్చి, నున్నగా చేసి, బేసుని గొంతులా పాడించిన మనిషి. మన వీణ వాళ్లకి మెట్ల మీద తీగ లాగి గమకం తెప్పించడం తెలుసు కాబట్టి ఆ తపన అర్థమవుతుంది. కానీ ఆయన్ని 1976లో జోని మిచెల్ 'హెజిరా' ఆల్బంలో విను. ఆవిడ ఒంటరిగా కారులో దేశం తిరుగుతూ కట్టిన పాటలవి. అక్కడ జాకో పరుగెత్తడు. ఒక స్వరం వేసి ఊరుకుంటాడు, అది జారి, వణికి, సన్నగిల్లుతుంటే ఆవిడ తరవాతి మాట అందుకుంటుంది. వేగంగా వాయించగలిగి కూడా ఆగాడు. నేను గొప్పన్నది దాన్ని. 1987లో, 35 ఏళ్ల వయసులో, ఫ్లోరిడాలో ఒక క్లబ్బు బయట తిన్న దెబ్బలకి ఆయన పోయాడు. ఇంకో పదేళ్లుంటే ఆ ఆగడంలో ఎంత దూరం వెళ్లేవాడో.

ఆగడం అంటే గుర్తొచ్చింది. బాబ్ మార్లీ వెనకాల బేసు వాయించిన ఆస్టన్ బారెట్ మావాడి జాబితాలో లేనే లేడు. పక్కన డ్రమ్ములు సొంత తమ్ముడివి. ఇద్దరూ కలిసి జమైకా రెగే పాటకి నడక నేర్పారు. ఆ నడకలో స్వరాలకన్నా మధ్యన వదిలేసిన జాగాలే ఎక్కువ. తనకి రావలసిన డబ్బు రాలేదని బారెట్ 2006లో లండన్ హైకోర్టుకెక్కి ఓడిపోయాడు. న్యాయం ఎటుందో నాకు కాయితాలు చూపించక్కర్లేదు. పాట ఆస్తి అయినప్పుడు, రాసినవాడికీ పాడినవాడికీ వాటాలు పంచాక, కింద నడిచినవాడికి ఎంతన్న ప్రశ్న మాత్రం ఆ తీర్పుతో పోదు. ఆయన 2024 ఫిబ్రవరిలో పోయాడు.

మనవాళ్ల సంగతికొస్తే, ఇళయరాజా పాటల్లో బేసు వినడమంటే ఒక బడిలో చేరడమే. ఆ వరస కూడా ఆయనే కాయితం మీద రాసిస్తాడు. ఏళ్ల తరబడి ఆ కాయితాన్ని తీగల మీదికి దించింది శశిధరన్. "రాసిచ్చింది వాయిస్తే గొప్పేమిటి?" అన్నాడు మావాడు. కీర్తన త్యాగయ్య రాసిచ్చాడు కదా అని పాడేవాళ్లంతా ఒకటేనట్రా? స్వరం కాయితం మీద ఉంటుంది, దాని బరువు వేలులో ఉంటుంది. రెహమాన్ పాటల కింద కీత్ పీటర్స్ ఎంత నిబ్బరంగా నడిచాడో వినండి. ముంబయి అమ్మాయి మోహినీ డే, 1996లో పుట్టింది, విదేశీ ఉద్దండుల పక్కన నిలబడి వాయించింది. ఆ పిల్ల వేగం చూసి మావాడు మురిసిపోతాడు. నేను కూడా మురిసిపోతాను కానీ, తల ఒక పక్కకి వంచి ఎదుటివాళ్లు వాయించేది వింటుందే, అక్కడ.

మనం నూటికి తొంభైమందిమి పాటలు వినేది తెలుగు సినిమావి. క్యాసెట్టు అట్ట మీద ఇద్దరు గాయకులు, ఒక సంగీత దర్శకుడు, ఒక కవి, మిగిలిన జాగాలో హీరో మీసం. క్యాసెట్టు పోయింది, సీడీ పోయింది. ఇప్పుడు సెల్‌ఫోనులో అట్ట సైజు గొడవే లేదు, ఎంత పొడుగు జాబితా అయినా పడుతుంది. అయినా చాలా పాటలకి బేసెవరిదో ఉండదు. జాగా లేక కాదని ఇప్పుడు తేలిపోయింది కదా. నిర్మాతల్నీ, కంపెనీవాళ్లనీ నేనడిగేది డబ్బు కాదు, మేళతాళాలు కాదు. ఒక్క వరస. ఫలానావారు, బేసు గిటారు. పెళ్లి శుభలేఖలో బంధుమిత్రుల పేర్లు మూడు పేజీలు వేయిస్తాం. పందిరి గుంజ పాతినవాడికి ఒక వరస ఇవ్వలేమా?

ఇవన్నీ మావాడికి ఉత్తరం రాసి పోస్టు చేశాను. ఫోనులో చెబితే మధ్యలో అడ్డొస్తాడు. పదిరోజులకి సవరించిన జాబితా వచ్చింది. ఆస్టన్ బారెట్‌ని కొత్తగా చేర్చాడు, తొమ్మిదో స్థానం. కరోల్ కే ఎనిమిది. జేమర్సన్ పక్కన ఎర్రసిరాతో 'మావయ్య కోసం' అని రాసి, ఆరో స్థానం ఇచ్చాడు.

ఆరట! దసరాకి వస్తానన్నాడుగా, రానీ. పెద్ద పెట్టె తుడిచి ఉంచాను.